హ్యారీ, ఎ హిస్టరీ

హ్యారీ, ఎ హిస్టరీ అమెరికాకు చెందిన పాత్రికేయురాలు మెలిస్సా అనెల్లి వ్రాసిన ఆంగ్ల పుస్తకము. ఇది 2008 నవంబరులో పాకెట్ బుక్స్ సంస్థ ద్వారా వెలువడినది. జె.కె.రౌలింగ్ రచించిన హ్యారీ పాటర్ నవలల చుట్టూ ఏర్పడిన అభిమాన సమాజమే ఇందలి వస్తువు. కొంత చరిత్ర, కొంత స్వీయకథ కలసిన ఈ పుస్తకానికి రౌలింగ్ స్వయంగా ముందుమాట వ్రాసినది. దీనిని చరిత్రగా చదివినవారు ఒక విధముగాను, స్వీయకథగా చదివినవారు మరొక విధముగాను అంచనా వేయుట గమనించదగినది.

నేపథ్యము

హ్యారీ పాటర్ శ్రేణిలో మొత్తం 7 నవలలు ఉన్నాయి. మొదటిది 1997 జూన్ 26న, చివరిది 2007 జూలై 21న విడుదలైనవి. తొలి నవల తెలుగులోకి కూడా అనువదించబడినది. నాలుగవ నవల 2000 జూలైలో రాగా, ఐదవది 2003 జూన్‌లో గాని రాలేదు. దాదాపు మూడేళ్ళ ఈ నిరీక్షణలో పాఠకులు అంతర్జాలంలో గుమిగూడి, కథ ముందు ఎటు నడుస్తుందోనని చర్చించుకొనేవారు. 2000లో మొదలైన "ద లీకీ కాల్డ్రన్" అట్టి అభిమానుల వెబ్‌సైట్లలో ఒకటి. అనెల్లి దీనిలో పనిచేస్తూ క్రమముగా దాని నిర్వాహకురాలైనది. 2005 జూలై 16న, ఆరవ నవల విడుదలైన రోజున, ఈమె "మగుల్‌నెట్" నిర్వాహకునితో కలసి ఎడిన్‌బరోలో రౌలింగ్‌ను ఇంటర్వ్యూ చేసినది.

పుస్తక విషయము

చివరి నవల కొరకు ఎదురుచూచిన కాలము ఈ పుస్తకానికి వెన్నెముక వంటిది. మొదటి నవల ప్రచురణ కథ, అమెరికాలో ఈ పుస్తకాలను పాఠశాలల నుండి తొలగించాలని జరిగిన ప్రయత్నాలు, హ్యారీ పాటర్ పాత్రలపై పాటలు కట్టే "విజార్డ్ రాక్" సంగీత బృందాలు, చివరి నవల పుటలు విడుదలకు ముందే బయటపడుట వంటి విషయాలు ఇందులో ఉన్నాయి. కథలో ఎవరు ఎవరిని ప్రేమిస్తారన్న విషయంపై అభిమానుల మధ్య జరిగిన వివాదానికి ఒక అధ్యాయము కేటాయించబడినది. ఒక వర్గము హ్యారీ, హెర్మియోనీ జంటను, మరొక వర్గము రాన్, హెర్మియోనీ జంటను సమర్థించెడివి. 2005 ఇంటర్వ్యూలో మొదటి వర్గమును భ్రమలో ఉన్నవారిగా పేర్కొనుట వలన పెద్ద దుమారము రేగినది.

పాఠకుల అభిప్రాయాలు

ఆ సంవత్సరాలలో అభిమానులుగా ఉన్నవారు ఈ పుస్తకమును ఆదరించారు. అర్ధరాత్రి విడుదలల ముందు పుస్తక దుకాణాల వద్ద బారులు తీరుట, కొత్త నవలలోని రహస్యము తెలియకుండా చెవులు మూసుకొనుట వంటివి వారి స్వానుభవాలే. రచయిత్రి లోపలి మనిషి కావడం వలన బయటివారికి అందని సంగతులు దొరికినవని వారి భావన.

విమర్శ కూడా ఇక్కడి నుండే పుట్టినది. పేరులో చరిత్ర అని ఉన్నా, కథనము ఎక్కువగా రచయిత్రి వెబ్‌సైటు, ఆమె మిత్రుల చుట్టూ తిరిగినదని కొందరు ఆక్షేపించారు. జంటల వివాదములో ఆమె రాన్, హెర్మియోనీ పక్షము వహించినందున, ఓడిన వర్గపు వాదానికి న్యాయము జరగలేదన్నది మరొక అభ్యంతరము. అభిమానులు స్వయంగా అల్లుకొన్న కథలకు తగినంత చోటు దక్కలేదని కూడా అన్నారు. నవలలు చదివినా అభిమాన సమాజముతో పరిచయము లేని పాఠకులకు కొన్ని వివరాలు అతిగా తోచినవి.

తరువాతి పరిణామాలు

2014లో ఒక పత్రికా సంభాషణలో రౌలింగ్ రాన్, హెర్మియోనీల జంటపై తనకే సందేహము ఉన్నట్లు చెప్పడంతో పాత వివాదము తిరిగి మొదలైనది. 2020లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల విషయమై రౌలింగ్ వెలిబుచ్చిన అభిప్రాయాలతో తాము ఏకీభవించమని ద లీకీ కాల్డ్రన్, మగుల్‌నెట్ సంయుక్తంగా ప్రకటించాయి. ఆమె ఛాయాచిత్రాలను ఇకపై వాడబోమని కూడా తెలిపాయి. ఆమె ముందుమాటతో వెలువడిన ఈ పుస్తకములో కనిపించే రచయిత్రి, అభిమానుల సాన్నిహిత్యము ఈనాటి పాఠకునికి గడచిన కాలపు సంగతిగా కనిపించును.

ప్రాముఖ్యత

ఆనాటి అభిమానుల చర్చలు చాలావరకు అంతర్జాలములో జరిగినవే. వెబ్‌సైట్లు మూతపడినపుడు అటువంటి వ్రాతలు సులభముగా కనుమరుగగును. కావున అచ్చులో నిలిచిన ఈ కథనానికి విలువ ఉన్నది. అయితే దీనిని ఒక ప్రత్యక్షసాక్షి వాంగ్మూలముగా స్వీకరించి, ఇతర వర్గాల వారి వ్రాతలతో పోల్చి చదువుట విద్యార్థులకు మేలు. అభిమానులు, విమర్శకులు వెలిబుచ్చిన అభిప్రాయాలు రెండూ ఆ సమాజపు చరిత్రలో భాగములే.