ఫ్రేము బయట మిగిలిన నిజం

2006 ఆగస్టులో, ఇజ్రాయెల్-హిజ్బుల్లా యుద్ధం సాగుతుండగా, బీరూట్ మీద లేచిన పొగను కంప్యూటర్‌లో మరింత దట్టం చేసిన ఫొటో రాయిటర్స్ ద్వారా పత్రికలకు చేరింది. మోసం బయటపడగానే ఆ సంస్థ ఫొటోగ్రాఫర్‌తో తెగతెంపులు చేసుకుని, అతను తీసిన 920 ఫొటోలనూ తొలగించింది. ఇలాంటి అబద్ధం ఎప్పటికైనా దొరికిపోతుంది. ఎంపికలో ఉండే పక్షపాతాన్ని పట్టుకోవడమే కష్టం. 2003 ఏప్రిల్ 9న బాగ్దాద్ ఫిర్దౌస్ కూడలిలో సద్దాం విగ్రహం కూలినప్పుడు దగ్గరి దృశ్యాల్లో జనం కిక్కిరిసి కనిపించారు; దూరం నుంచి తీసిన వాటిలో చాలావరకు ఖాళీగా ఉన్న కూడలి, అమెరికా సైనిక వాహనాలు కనిపించాయి. రెండూ అసలు ఫొటోలే, చెప్పిన కథలు మాత్రం వేరు.

మిలిటెంట్ సంస్థల విషయంలో చిక్కు ఇంకా ఎక్కువ. తమ పట్టున్న చోట ఏది తీయాలో వాళ్లే నిర్ణయిస్తారు. ఇస్లామిక్ స్టేట్ తన ప్రచార చిత్రాలను తానే తయారుచేసి వదిలింది. సైన్యాలూ వెంట తీసుకెళ్లిన విలేకరులకు తాము చూపదలచుకున్నదే చూపిస్తాయి. ప్రాణాలకు తెగించి తీసేవారిని తప్పుపట్టడం అన్యాయమని, ఒక్క ఫొటోలో అంతా ఇమడదని కొందరంటారు. నిజమే. అందుకే బాధ్యత ఎక్కువగా సంపాదకులది: ఎవరి అనుమతితో, ఏ షరతుల మీద తీశారో ఫొటో కింద రాయాలి. ఆ వివరం లేని యుద్ధచిత్రాన్ని పాఠకులు సగం వార్తగానే చూడాలి.