పక్కవాద్యము – ప్రధానవాద్యము

సంగీత సభవారు అచ్చు వేయించు ఆహ్వానపత్రికను తీసి చూచినచో అందులో ఒక క్రమము కానవచ్చును. పై వరుసలో పెద్ద అక్షరములతో గాయకుని పేరుండును. దాని క్రింద చిన్న అక్షరములతో ఫిడేలు, మృదంగము, ఘటము లేక కంజిర వాయించువారి పేర్లుండును. కచేరి ముగిసిన పిమ్మట జనులు ఇండ్లకు పోవుచు చెప్పుకొను మాటలలోను ఈ క్రమమే పాటింపబడును. పాట బాగున్నదని అందరును అందురు. ఆ పాటను మూడు గంటలసేపు భుజముల మీద మోసినవారిని తలచుకొనువారు కొందరే.

పక్కవాద్యము అను పేరులోనే కొంత చిన్నచూపు ఇమిడియున్నది. ఆ పేరు మోయువారు చేయు పని యెట్టిదో విచారించినచో, పెద్ద అక్షరములు ఎవరికి చెల్లవలెనను సందేహము రసికులకు కలుగక మానదు.

కర్ణాటక సంగీత కచేరికి ఒక విచిత్రమైన లక్షణము గలదు. వేదికపై కూర్చున్నవారు చాలసార్లు ముందుగా కలిసి సాధన చేసియుండరు. ఒకరు మద్రాసు నుండి, మరియొకరు విజయవాడ నుండి రైలు దిగి వత్తురు, శ్రుతి సరిచూచుకొందురు, వర్ణముతో కచేరి ప్రారంభమగును. గాయకుడు ఏ రాగము నెత్తుకొనునో, ఏ కృతిని పాడునో ఫిడేలు విద్వాంసునకు తెలియకపోవచ్చును. రాగాలాపన సాగుచుండగా అతడు గాయకుని వెంట ఒక అడుగు వెనుక నడువవలెను. గాయకుడు ఊపిరి తీసికొనుచోట ఆ నాదము తెగిపోకుండ నిలుపవలెను. తన వంతు వచ్చినపుడు అదే రాగమును, గాయకుడు తీసికొన్న కాలమునకు మించకుండ, తన మనోధర్మముతో పలికింపవలెను. స్వరకల్పనలో గాయకుడు వేసిన చిక్కుముడిని మరుక్షణమున విప్పవలెను. ఎన్నడును వినని కృతి వచ్చినను తన తడబాటు సభకు తెలియనీయరాదు.

మృదంగ విద్వాంసుని బాధ్యతయు నిట్టిదే. సాహిత్యము ఎచ్చట విరుగునో, సంగతి ఎచ్చట పెరుగునో ముందే కనిపెట్టవలెను. విలంబకాలములో పల్లవి నడచునపుడు చేయి తగ్గించి, పాట ఉద్ధృతి నందునపుడు చేయి పెంచవలెను. గాయకుని తాళము ఒకచో జారినచో, ఆ సంగతి మూడవవానికి తెలియకుండ సరిదిద్దుటయు అతని మర్యాదలో చేరినదే. ఇన్నింటికిని మూలము వినికిడి. పరుని మనస్సులో పుట్టబోవు స్వరమును తన చెవితో ముందుగా పట్టుకొనుటయే పక్కవాద్యపు విద్య.

ఈ విద్యలో నేడు ముఖ్యస్థానము నందున్న ఫిడేలు మన దేశమున పుట్టినది కాదు. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1859) మద్రాసులో ఐరోపా వాద్యకారుని వలన దీనిని నేర్చి, మన రాగములకు అనువుగ మలచిరి. తంజావూరు సోదరులలో ఒకరైన వడివేలు కూడ దీనిలో ప్రవీణులై, 1834లో స్వాతి తిరునాళ్ మహారాజు వలన దంతపు ఫిడేలును బహుమానముగా పొందిరి. ఐరోపాలో ఈ వాద్యమును గడ్డము క్రింద పట్టి వాయింతురు. మనవారు నేలపై కూర్చుండి, ఒక కొనను భుజమున కానించి, రెండవ కొనను కుడి పాదముపై మోపిరి. వాద్యమును మోయు భారము ఎడమ చేతికి తప్పుటచే వ్రేళ్ళు తంతిపై స్వేచ్ఛగా జారుటకు వీలు కలిగెను. తంతులను షడ్జ పంచమములుగా మేళవించిరి. గమకమే ప్రాణముగా గల మన సంగీతమునకు ఈ రెండు మార్పులతో ఫిడేలు స్వంత బిడ్డవలె అమరినది. అయినను ఆ బిడ్డకు చిరకాలము గాయకుని పక్కనే చోటు దొరకినది.

ఆ చోటు నుండి ఫిడేలును సభామధ్యమునకు తెచ్చినవారిలో ద్వారం వేంకటస్వామి నాయుడుగారు అగ్రగణ్యులు. ఆయన 1893లో బెంగుళూరులో జన్మించి విశాఖపట్టణమున పెరిగిరి. 1919లో విజయనగరమున సంగీత కళాశాల నెలకొన్నపుడు, విద్యార్థిగా చేరవచ్చిన ఆ యువకుని వాద్యము విని అధ్యాపకునిగానే నియమించినారని ప్రసిద్ధి. ఆదిభట్ల నారాయణదాసుగారు అప్పుడు ఆ కళాశాలకు అధ్యక్షులు. వారి పిమ్మట 1936లో నాయుడుగారే ఆ పదవి నలంకరించిరి. గొప్ప గాయకులకు పక్కవాద్యము వాయించుచునే ఆయన 1938లో వేలూరులో ఫిడేలునే ప్రధానవాద్యముగా జేసి పూర్తి కచేరి చేసిరి. 1941లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి గౌరవమును, 1957లో పద్మశ్రీని పొందిరి. 1964లో పరమపదించిరి.

పక్క నుండి మధ్యకు జరుగుట కొలచి చూచినచో రెండు మూడు అడుగుల దూరమే. కాని ఆ అడుగులలో విద్వాంసుని బాధ్యత యావత్తును మారిపోవును. పక్కన నున్నపుడు రాగమును ఎన్నుకొనువాడు వేరొకడు. మధ్యన కూర్చున్నపుడు ఎన్నిక తనదే. పక్కన నున్నపుడు గాయకుని సాహిత్యము శ్రోతను పట్టి నిలుపును. మధ్యన నున్నపుడు మాటలు లేని నాదముతోనే ఆ మాటలను శ్రోత హృదయములో పలికింపవలెను. అలసట వచ్చినపుడు చాటున కూర్చుండుటకు మరియొకరు లేరు. నాయుడుగారు ఈ పరీక్షలో నెగ్గుటకు కారణము ఆయన కమానులోని మార్దవము. పాశ్చాత్య సంగీతమును కూడ శ్రద్ధగా విని, కమాను నడకలోని మెలకువలను గ్రహించి, వానిని గాత్రమునకు దాసులుగా చేసిరి. ఆయన ఫిడేలు పాడునని శ్రోతలు చెప్పుకొనిరి. పక్కన కూర్చుండి ఏండ్ల తరబడి పాటను విన్న చెవియే మధ్యన కూర్చున్నపుడు పాటగా మారినదని దీని భావము.

ఈ మర్మము తెలియనివారు రెండు విధముల దెబ్బతినుచుందురు. పక్కన కూర్చున్నంతసేపును తానే ప్రధానుడనని తలచి, గాయకుని కంటె పొడవుగా రాగము వాయించి, వేగముతో చప్పట్లు రాబట్టువారు ఒక వర్గము. అట్టివారి పక్కవాద్యము పోటీవాద్యమగును. గాయకులు వారిని రెండవసారి పిలువరు. మధ్యన కూర్చున్నను ఇతరుల ఆజ్ఞకై ఎదురుచూచుచు, స్వంత నిర్ణయము లేక కచేరిని చప్పగా నడపువారు రెండవ వర్గము. వినుట, నిర్ణయించుట అను రెండు శక్తులును ఒకే చేతిలో కూడుట అరుదు.

విద్వాంసుని కష్టములు విద్యతో ముగియవు. కూర్చుండుచోటు కూడ ఒక సమస్యయే. ఆచారముననుసరించి మృదంగము గాయకునకు కుడివైపునను, ఫిడేలు ఎడమవైపునను ఉండును. మృదంగము యొక్క కుడి ముఖము సభ వైపు తిరిగియుండుటకు ఈ ఏర్పాటు అనుకూలము. పళని సుబ్రహ్మణ్య పిళ్ళైగారిది (1908–1962) ఎడమచేతి వాటము. ఆయనకు రెండవ వైపున చోటు కావలెను; ఫిడేలు వాయించువారు తమ చోటు విడువవలెను. అందులకు పలువురు ఒప్పుకొనకపోవుటచే ఆ మహావిద్వాంసునకు అవకాశములు సన్నగిల్లెను. చెంబై వైద్యనాథ భాగవతారుగారు పట్టుబట్టి ఆయనకు చోటిచ్చి ఆదరించిరి. ఒక చాప మీద మూడడుగుల చోటు ఒకని జీవితమును నిలుపగలదు, కూల్చగలదు.

స్త్రీలకు ఎదురైన అడ్డు ఇంకను పెద్దది. ప్రథమ శ్రేణి మృదంగ విద్వాంసులు గాయనీమణులకు వాయించుటకు చిరకాలము సమ్మతింపలేదు. పాల్ఘాట్ మణి అయ్యరుగారే (1912–1981) ఆ నియమమును పాటించి, చివరకు డి. కె. పట్టమ్మాళ్‌గారి కచేరీలతో దానిని సడలించిరి. ఆ మణి అయ్యరుగారే 1966లో సంగీత కళానిధియైన తొలి మృదంగ విద్వాంసులు. అకాడమీ 1928లో స్థాపింపబడినది. లయవాద్యమునకు ఆ పీఠము దక్కుటకు అన్ని ఏండ్లు పట్టినది.

తనియావర్తనము సంగతి చెప్పనక్కర లేదు. కచేరి మొత్తములో మృదంగమునకు దక్కు స్వంత సమయమది. ఆ సమయము వచ్చినదే తడవుగ వెనుక వరుసలలో కుర్చీలు కదలును. కొందరు కాఫీకి లేతురు. మరికొందరు ఇంటిదారి పట్టుదురు. రెండు గంటలసేపు ఇతరులకై వాయించి, తనకై వాయింపబోవువేళ ఎదుట ఖాళీ కుర్చీలను చూచు విద్వాంసుని మనస్సును ఊహించుట కష్టము కాదు. సంభావనల లెక్కలోను ఈ తారతమ్యమే కనబడును. రైలు ప్రయాణము, పగిలిన మూతలు, తెగిన తంతులు మాత్రము అందరికిని సమానమే.

వాద్యపరికరముల చరిత్రయు ఈ కథలోని భాగమే. మైకులు లేని కాలమున పెద్ద సభలో వెనుక కూర్చున్నవారికి ఫిడేలు వినబడుట కష్టముగా నుండెను. మైసూరు చౌడయ్యగారు నాలుగు తంతులలో మూడింటికి జతలు చేర్చి ఏడు తంతుల ఫిడేలును నిర్మించుకొనిరి. గట్టి కంఠముల గాయకుల పక్కన కూర్చుండి వినబడవలెనను అవసరమే ఆ కల్పనకు ప్రేరకము. తరువాత మైకు వచ్చి ఆ కష్టమును తీర్చెను. వేరొక కష్టమును తెచ్చెను. మృదంగపు నాదములోని సున్నితము మైకులో చెడిపోవుచున్నదని మణి అయ్యరుగారు ఒక దశలో మైకు పెట్టిన కచేరీలనే మానుకొనిరి. ఈనాటికిని వేదికపైని వాద్యకారులు ధ్వనియంత్రపు మనిషికి సైగలు చేయుచునే యుందురు.

మృదంగము మాట వచ్చినపుడు దానిని చేయువారిని మరువరాదు. పనసకొయ్య దొన్నెకు ఆవు, గేదె, మేక చర్మములను బిగించి, కుడి మూతకు నల్లని మందు పొరలు పొరలుగా పూసి, శ్రుతి నిలుచువరకు రుద్ది సరిచేయు పనివారి చెవి విద్వాంసుని చెవికి తీసిపోదు. మగ గాత్రమునకు ఒక మృదంగము, హెచ్చు శ్రుతి గల ఆడ గాత్రమునకు మరియొకటి కావలెను. ఎడమ మూతకు రవ్వముద్దను కచేరివేళ విద్వాంసుడే అద్దుకొనును. తక్కిన నిర్మాణమంతయు ఆ పనివారిదే. పక్కవాద్యకారుని పేరు చిన్న అక్షరములలోనైన నుండును. వీరి పేరు ఏ పత్రికలోను అచ్చుపడినది కాదు. టి. ఎం. కృష్ణ 2020లో ప్రకటించిన ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ అను గ్రంథము ఈ లోపమును కొంత తీర్చినది.

మన ఆంధ్రదేశమున పరికరమే ఒక విద్వాంసుని భాగ్యమును మార్చిన ఉదాహరణము మాండొలిన్ శ్రీనివాస్ (1969–2014). పాలకొల్లులో పుట్టిన ఆ బాలుడు చేపట్టిన వాద్యము పొట్టి నాదము గలది. మీటిన స్వరము వెంటనే ఆరిపోవును. విద్యుత్ మాండొలిన్‌ను గ్రహించి, జంట తంతులకు మారుగా ఐదు ఒంటి తంతులను కట్టుకొని, గమకమునకు చాలినంత నిడివిని సాధించెను. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు చెంబైవారి శిష్యులు. ఆయనకు మాండొలిన్ రాదు; ఆయన పాడగా శిష్యుడు విని వాయించెడివాడు. ఇచ్చటను వినికిడియే గురువైనది. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవములలో ఆ తొమ్మిదేండ్ల బాలుని తొలి కచేరి జరిగెను. తెలుగునాట గాని తమిళనాట గాని కచేరి సంప్రదాయములో చోటే లేని వాద్యము అతని చేతిలో ప్రధానవాద్యమైనది.

ప్రధానమని, పక్కయని భేదము లేక అందరును సమముగా కూర్చుండు బృందములును మనకు కొత్త కావు. 1966లో లాల్గుడి జయరామన్‌గారు ఫిడేలు, వేణువు, వీణలను ఒకే వరుసలో కూర్చి కచేరీలు చేసిరి. 1970 దశకమున ఆంగ్లేయుడైన గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాగ్లిన్‌తో ఫిడేలు ఎల్. శంకర్, తబలా జాకీర్ హుస్సేన్, ఘటము విక్కు వినాయకరాం కలిసి ‘శక్తి’ బృందమును నడపిరి. మన కచేరిలో మృదంగమునకును వెనుక నుండు ఘటము అచ్చట నలుగురిలో నొకటియై ప్రపంచమంతట మ్రోగినది. తరువాత ఆ బృందము మరల కూడినపుడు శ్రీనివాస్ మాండొలిన్ కూడ అందు చేరినది. అట్టి బృందములలోను చతురులు నిలుచునది తమ వంతు వచ్చినపుడు చూపు వేగము వలన కాదు. ఎదుటివాని వంతులో పాటించు సంయమము వలన.

ఈ మాటకు నిదర్శనము విజయనగరమునకు చెందిన అవసరాల కన్యాకుమారిగారు. ఎం. ఎల్. వసంతకుమారిగారికి చిరకాలము ఫిడేలు సహకార మిచ్చి, స్వంత కచేరీలు చేసి, అనేక వాద్యముల బృందములను నడపి, 2016లో సంగీత కళానిధి బిరుదమునకు ఎన్నికైరి. ఫిడేలు వాయించు స్త్రీలలో ఆ గౌరవము పొందినవారిలో ఆమెయే ప్రథములు. ప్రధానవాద్యముతో ప్రసిద్ధి వచ్చిన తరువాతను ఆమె పక్కవాద్యమును విడువలేదు. నాయుడుగారును అట్లే విడువలేదు. ఒక మెట్టు ఎక్కిన పిదప క్రింది మెట్టును తన్నివేయువారికి ఈ ఇద్దరి జీవితములు అర్థము కావు. వారికి ఆ రెండును మెట్లు కావు. ఒకే ఇంటిలోని రెండు గదులు.

పత్రికలో అక్షరముల పరిమాణమును మార్చుట సభానిర్వాహకుల చేతిలో నున్నది. సంభావనల తారతమ్యమును తగ్గించుటయు వారిదే. తనియావర్తనము వేళ కుర్చీలో కూర్చుండుట మాత్రము శ్రోతల చేతిలోనిది. దానికి ఖర్చు లేదు. పావుగంట ఓపిక చాలును. ఇతరులను వినుటకే జీవితమును ధారపోసినవానిని ఆ పావుగంటయైన వినుట రసికులకు ధర్మము.