బూడిద నీళ్ల గుట్టు

మా నాయిన జమ్మికుంటలో చెప్పులు కుట్టేవాడు. లందలో తంగేడు చెక్కతో నానిన తోలును, సిర్కాలో తుప్పు మేకులు వారం రోజులు నానేసిన నీళ్లతో నల్లగ చేసి, పలుచని బూడిద నీళ్లతో తుడిచేవాడు. అది ఉత్త ఆచారమనుకొని, నేను నల్లగ చేసిన నడుంపట్టీకి ఆ పని మానేసిన. కొన్నాళ్లకే పట్టీ పెళుసెక్కి విరిగింది.

కాలేజీ లాబులో గుట్టు తెలిసింది. ఇనుము సిర్కాలోని ఎసిటిక్ ఆమ్లంతో కలిసి ఫెర్రస్ ఎసిటేట్ అవుతుంది. అది చెక్కలోని టానిన్‌ను తాకి, గాలి సోకి నల్లబడుతుంది. క్రోమ్ తోలులో టానిన్ లేదు కనుక ఈ నలుపు ఎక్కదు. శ్రీకాళహస్తి కలంకారీ నలుపుదీ ఇదే సూత్రం: అక్కడ బెల్లం నీళ్లలో పులిసిన ఇనుము, కరక్కాయ పట్టిన బట్ట.

నలుపెక్కినా తోలులో ఆమ్లం మిగులుతుంది, నారను తింటుంది. బూడిదలోని క్షారం దాన్ని విరుస్తుంది. బూడిద ఘాటు మనకు కొలతకందదు. లీటరు నీళ్లకు రెండు చెంచాల తినేసోడా మేలు. ఎక్కువైతే క్షారమూ తోలును చెరుపుతుంది. తరువాత మంచినీళ్లతో తుడిచి, నీడన ఆరబెట్టి, ఆముదం రాయాలి.

ఈ సంగతి నాయినకు చెప్పిన. "పట్టీ విరగక ముందే నన్నడిగితే అయిపోవు గద బిడ్డా" అన్నడు.