టైరు మారితే చాలదు.. తీరు మారాలి
ఆటోక్రాస్‌లో కొత్తవారు తెలుసుకోవాల్సిన మెలకువలు

ఆదివారం ఉదయం. ఖాళీగా ఉన్న విశాలమైన పార్కింగ్‌ స్థలం. నేలపై వరుసగా నారింజ రంగు కోన్లు. వాటి మధ్య మెలికలు తిరుగుతూ ఒంటరిగా దూసుకెళ్లే కారు. నిమిషం అటూ ఇటుగా పరుగు ముగుస్తుంది. గడియారం సెకనులో వెయ్యో వంతు వరకు లెక్క తేలుస్తుంది. అమెరికాలో ‘ఆటోక్రాస్‌’గా పిలిచే ఈ క్రీడకు ప్రత్యేకమైన పందెపు కారు అక్కరలేదు. రోజూ కార్యాలయానికి తీసుకెళ్లే కారుతోనే పాల్గొనవచ్చు. చదువులు, ఉద్యోగాల కోసం అక్కడికి వెళ్లిన మన జిల్లాల యువతకూ అందుబాటులో ఉన్న వారాంతపు వ్యాపకమిది. కుమారుడు కారు పందేలకు వెళుతున్నాడని తెలిస్తే ఇక్కడి తల్లిదండ్రుల గుండె ఝల్లుమనడం సహజం. నిజానికి వారు ఆరా తీయాల్సింది ఆట గురించి కన్నా, దాని కోసం కొనే టైర్ల గురించి. కొత్తవారు తరచూ చేసే మొదటి పెద్ద ఖర్చు అదే. మొదటి పొరపాటూ చాలాసార్లు అక్కడే జరుగుతుంది.

పోటీ గడియారంతోనే

ఆటోక్రాస్‌లో కార్లు పక్కపక్కన పరుగెత్తవు. ఒకదానినొకటి దాటే ప్రసక్తే లేదు. ఒక్కో కారును విడిగా పంపుతారు. పెద్ద మైదానాల్లో ఒకటి కంటే ఎక్కువ కార్లను వదిలినా వాటి మధ్య చాలినంత ఎడం పాటిస్తారు. పాత విమానాశ్రయాల రన్‌వేలు, క్రీడా మైదానాల పార్కింగ్‌ స్థలాలు ఇందుకు వేదికలు. వేగం సాధారణంగా అక్కడి ప్రధాన రహదారులపై అనుమతించే పరిమితిని మించదు. 1944లో ఏర్పడిన స్పోర్ట్స్‌ కార్‌ క్లబ్‌ ఆఫ్‌ అమెరికా (ఎస్‌సీసీఏ) ఈ పోటీలను ‘సోలో’ పేరిట నిర్వహిస్తోంది. దాని జాతీయ స్థాయి పోటీలు 2009లో నెబ్రాస్కా రాష్ట్రంలోని లింకన్‌ నగరానికి తరలివెళ్లాయి.

నిబంధనలు సరళం. స్థానిక పోటీల్లో ఒక్కొక్కరికి మూడు, నాలుగు లేదా అంతకు మించి అవకాశాలు లభిస్తాయి. వాటిలో ఉత్తమ సమయాన్నే పరిగణిస్తారు. కోను పడిపోయినా, దాని చుట్టూ గీసిన గీత దాటి జరిగినా రెండు సెకన్లు కలుపుతారు. వెళ్లాల్సిన దారిని తప్పిస్తే ఆ పరుగు లెక్కలోకి రాదు. శిరస్త్రాణం తప్పనిసరి. పరుగుకు ముందు కారును తనిఖీ చేస్తారు. తన వంతు ముగిసిన చోదకుడు ఇతరుల పరుగు సమయంలో మైదానంలో నిలబడి, పడిన కోన్లను సరిచేయాలి. కొత్తవారికి ఇదీ ఒక పాఠమే. నేర్పరులు ఎక్కడ బ్రేకు వేస్తున్నారో, ఎక్కడ వేగం పెంచుతున్నారో దగ్గర నుంచి చూసే వీలు కలుగుతుంది.

టైరు ఇచ్చేదెంత?

కారుకూ నేలకూ ఉన్న సంబంధం నాలుగు టైర్లే. ఒక్కో టైరు నేలను తాకే చోటు దాదాపు అరచేయంత. కాబట్టి పట్టున్న టైర్లతో సమయం తగ్గుతుందన్న మాట వాస్తవం. అయితే ఎంత తగ్గుతుందో, అదే లాభం మరో దారిలో దొరుకుతుందో లేదో చూడాలి.

15 మీటర్ల వ్యాసార్ధం గల మలుపును గంటకు 40 కిలోమీటర్ల వేగంతో తిరిగే కారును ఉదాహరణగా తీసుకుందాం. అందుకు టైర్లు అందించాల్సిన పక్కపట్టు కారు బరువులో సుమారు 84 శాతం. మంచి స్థితిలో ఉన్న సాధారణ టైరు సామర్థ్యం ఇంచుమించు అక్కడితో సరి. అదే మలుపును 44 కిలోమీటర్ల వేగంతో తిరగాలంటే కావాల్సిన పట్టు దాదాపు కారు బరువుతో సమానమవుతుంది. వేగం పెరిగింది పది శాతమే అయినా కావాల్సిన పట్టు 21 శాతం పెరిగింది. ఖరీదైన మెత్తని టైర్లు అమ్ముడుపోయేది ఈ తేడా కోసమే.

ఇక రెండో దారి. టైర్లు మార్చకుండా మలుపును మరికాస్త విశాలంగా తీసుకుని వ్యాసార్ధాన్ని 18 మీటర్లకు పెంచితే, పాత టైర్లతోనే 44 కిలోమీటర్ల వేగం సాధ్యపడుతుంది. మలుపు బయటి అంచు నుంచి ప్రవేశించి, లోపలి కోనును దాదాపు తాకుతున్నట్లు వెళ్లి, మళ్లీ బయటి అంచుకు చేరితే ఈ అదనపు మూడు మీటర్లు లభిస్తాయి. దీనికి పైసా ఖర్చు లేదు. ఈ లెక్క తెలియక టైర్లు మార్చినవారు కొత్త టైర్లతోనూ ఇరుకు దారిలోనే తిరుగుతారు. పైగా టైర్లు ఇచ్చిన ధీమాతో ఒక్క కోనును పడగొడితే రెండు సెకన్ల శిక్ష ఆ లాభాన్ని మింగేయవచ్చు.

మరో సంగతీ ఉంది. సాధారణ టైర్లు పట్టు తప్పడానికి ముందు గట్టిగా కీచుమంటాయి. మెల్లమెల్లగా జారుతాయి. తప్పు ఎక్కడ జరిగిందో చోదకుడికి తెలిసివస్తుంది. పందెపు తరహా టైర్లు చాలాసేపు సహించి, ఒక్కసారిగా జారే అవకాశం ఎక్కువ. నేర్చుకునే దశలో తప్పును దాచే టైరు కన్నా, ఎత్తిచూపే టైరే మేలు.

అంకెల అంతరార్థం

టైర్లు మార్చే సమయం వచ్చిందని తెలిసేదెలా? ఒకే మార్గంలో చేసిన పరుగుల మధ్య సెకను, రెండు సెకన్ల తేడా ఉంటే లోపం చోదకుడిలోనే ఉన్నట్లు. వరుస పరుగుల మధ్య తేడా సెకనులో రెండు, మూడు పదో వంతులకు తగ్గినప్పుడు టైర్ల గురించి ఆలోచించవచ్చు. పాత టైర్లు సహజంగా అరిగి, మార్చక తప్పనప్పుడు కొంటే ఖర్చూ కలిసొస్తుంది.

అమెరికాలో అమ్మే కారు టైరు పక్క గోడపై ‘ట్రెడ్‌వేర్‌’ అనే అంకె ఉంటుంది. ఇది మన్నికకు సూచిక. టెక్సాస్‌లోని శాన్‌ ఏంజెలో పరిసరాల్లో 7,200 మైళ్లు నడిపి, ప్రామాణిక టైరుతో పోల్చి అరుగుదలను అంచనా వేస్తారు. ప్రామాణిక టైరు అంకె 100. 200 ఉన్న టైరు దానికి రెట్టింపు మన్నుతుందని అర్థం. నిత్య వినియోగ టైర్లకు 400 నుంచి 700 వరకు ఉండటం సాధారణం. అంకె తగ్గేకొద్దీ రబ్బరు మెత్తనై పట్టు పెరుగుతుందన్నది స్థూల సూత్రమే. తుది అంకెను నిర్ణయించేది తయారీ సంస్థే కాబట్టి, ఒకే అంకె ఉన్న రెండు టైర్లు ఒకే తీరున ఉంటాయని భావించరాదు.

ఎస్‌సీసీఏ ‘స్ట్రీట్‌’ విభాగంలో 200 కంటే తక్కువ అంకె ఉన్న టైర్లను అనుమతించరు. అందువల్ల సంస్థలన్నీ సరిగ్గా ఆ గీత మీదే పోటీపడుతున్నాయి. వీటిలోనూ స్వభావ భేదాలున్నాయి. యోకోహామా అడ్వాన్‌ ఏ052 చల్లగా ఉన్నప్పుడే చక్కని పట్టునిస్తుంది. వరుస పరుగులతో త్వరగా వేడెక్కుతుంది. హాంకుక్‌ వెంటస్‌ ఆర్‌ఎస్‌4 వేడిని తట్టుకుని ఎక్కువ కాలం మన్నుతుంది. తొలి పరుగులో మాత్రం అంత చురుకు చూపదు. ఒకే కారును ఇద్దరు పంచుకుంటే టైర్లు చల్లబడే వ్యవధి దొరకదు. ఎండాకాలంలో పరుగుల మధ్య టైర్లపై నీళ్లు చల్లుతూ కొందరు కనిపించేది ఇందుకే.

పరిమాణాన్నీ గమనించాలి. 205/50 ఆర్‌16 అంటే వెడల్పు 205 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో సగం, లోపలి చక్రం వ్యాసం 16 అంగుళాలు. చక్రానికి నప్పని వెడల్పు టైరు బిగిస్తే పక్క గోడ వంగి, ఆశించిన పట్టు దక్కదు. తయారీ తేదీ మరవరాదు. చివరి నాలుగంకెలు 2324 అయితే అది 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైనట్లు. గాళ్లు ఎంత లోతుగా ఉన్నా, ఏళ్లు గడిచిన రబ్బరు గట్టిపడి పట్టు కోల్పోతుంది. పాత సరకు చవకగా వచ్చిందని మురిసిపోవడం తగదు.

గాలి లెక్క

కొత్త టైర్లు కొనకుండా ఫలితం చూపే మొదటి పనిముట్టు గాలి పీడనాన్ని కొలిచే చిన్న మీటరు. కారు తలుపు చట్రంపై అతికించిన పట్టీలో ఉండే అంకె చల్లని టైరుకు వర్తిస్తుంది. ముందు చక్రాలతో నడిచే కార్లలో మలుపు భారమంతా ముందు టైర్లపైనే పడి, పక్క గోడ నేలకు ఒరిగే ప్రమాదం ఉంది. కాబట్టి ముందు టైర్లలో కొన్ని పీఎస్‌ఐలు పెంచి మొదలుపెట్టడం ఆనవాయితీ. టైరుపై ముద్రించిన గరిష్ఠ పరిమితిని మాత్రం దాటరాదు.

ఎంత పెంచాలో సుద్దముక్క చెబుతుంది. టైరు అంచు నుంచి పక్క గోడ వరకు సుద్దతో గీత గీసి పరుగు పూర్తిచేయాలి. గీత పక్క గోడ మీద కూడా చెరిగిపోతే గాలి చాలలేదు. అంచు మీద కూడా చెరగకుండా మిగిలితే గాలి ఎక్కువైంది. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీల సెల్సియస్‌ పెరిగితే పీడనం సుమారు ఒక పీఎస్‌ఐ పెరుగుతుంది. అందుకే ప్రతి పరుగు తర్వాత కొలిచి, పుస్తకంలో రాసుకోవాలి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. రెండు మార్పులు కలిపి చేస్తే ఫలితం దేనిదో తేలదు.

చూపు ఎటో.. కారు అటే

పోటీకి ముందు మార్గమంతా కాలినడకన చూసేందుకు సమయమిస్తారు. దీన్ని కబుర్లతో గడిపేస్తే సగం ఓడినట్లే. మొదటిసారి దారి గుర్తుపెట్టుకునేందుకు, రెండోసారి వేగం తగ్గించాల్సిన చోట్లు గుర్తించేందుకు, మూడోసారి కారులో కూర్చున్న ఎత్తుకు వంగి చూసేందుకు నడవాలి. వందల కోన్లలో నిజంగా దారిని నిర్ణయించేవి కొన్నే. వాటిని గుర్తుంచుకుంటే చాలు.

కొత్తవారిలో ఎక్కువగా కనిపించే లోపం, కారు ముందున్న కోనునే చూడటం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు దాటుతుంది. ఎదుటి కోనును చూసి స్పందించేలోపే అది వెనక్కి వెళ్లిపోతుంది. చూపు ఎప్పుడూ తర్వాతి కోనుపై, వీలైతే ఆ పైదానిపై ఉండాలి. చేతులు చూపును అనుసరిస్తాయి.

రెండో లోపం మలుపులోకి అతివేగంగా ప్రవేశించడం. టైరు పట్టు ఒక జీతం లాంటిది. బ్రేకుకూ, మలుపుకూ అందులోంచే ఖర్చుపెట్టాలి. మొత్తం బ్రేకుకే ఇచ్చేస్తే తిరగడానికి ఏమీ మిగలదు. కారు స్టీరింగు మాట వినకుండా ముందుకే జారిపోతుంది. అప్పుడు స్టీరింగును ఇంకా తిప్పడం వ్యర్థం. యాక్సిలరేటరుపై పాదం కాస్త సడలించి, స్టీరింగును కొంచెం వెనక్కి తెస్తే పట్టు తిరిగి వస్తుంది. కారు తిన్నగా ఉండగానే గట్టిగా బ్రేకు వేసి, మలుపు మొదలయ్యేసరికి క్రమంగా వదలడం నేర్చుకోవాలి. నెమ్మదిగా ప్రవేశించి, వేగంగా బయటపడటమే సూత్రం.

కోన్ల మధ్య పాములా మెలికలు తిరిగే చోట తొందర కన్నా ముందుచూపు ముఖ్యం. కోను పక్కకు చేరాక స్టీరింగు తిప్పితే ఆలస్యమైనట్లే. ఒక్కో కోను వద్ద కొద్దిగా ఆలస్యమైనా, నాలుగో కోనుకు చేరేసరికి దారి తప్పక తప్పదు. మొదటి కోనుకు ముందే వేగం సర్దుకోవాలి. అనుభవజ్ఞులను పక్కన కూర్చోబెట్టుకోవడం, నిబంధనలు అనుమతిస్తే వారి కారులో ప్రయాణించడం అన్నిటికన్నా వేగంగా నేర్పుతుంది.

ఇంటికి చేరే దారి

అసలు ప్రమాదం పోటీ ముగిశాక ఎదురుకావచ్చు. పందెపు తరహా వేసవి టైర్లు ఏడు డిగ్రీల సెల్సియస్‌ కంటే చలి పెరిగితే గట్టిపడి పట్టు కోల్పోతాయి. మంచుపై వాటితో నడపడం ప్రాణాంతకం. అరిగిన టైరు వాన నీటిని పక్కకు నెట్టలేక కారును నీటిపై తేలేలా చేస్తుంది. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు చేరితే మన దేశంలోనే కాక, అమెరికాలోని అత్యధిక రాష్ట్రాల్లోనూ టైరు రోడ్డుకు పనికిరానట్లే. వానలో అంతకు ముందే మార్చడం శ్రేయస్కరం. మైదానం వీడేముందు గాలిని తిరిగి మామూలు స్థాయికి తేవడం, టైర్లలో కోతలు, ఉబ్బులు ఉన్నాయేమో చూడటం మరవరాదు. గడియారంతో సాగే పోటీల్లో జరిగే నష్టాన్ని బీమా సంస్థలు పాలసీ నుంచి మినహాయించడం కద్దు. ముందే చదువుకోవాలి.

మన దేశంలోనూ ఫెడరేషన్‌ ఆఫ్‌ మోటార్‌ స్పోర్ట్స్‌ క్లబ్స్‌ ఆఫ్‌ ఇండియా పర్యవేక్షణలో ఆటోక్రాస్‌ పోటీలు జరుగుతుంటాయి. మట్టి నేలపై జరిగే పోటీలకు టైర్ల లెక్క వేరు. చూపు, బ్రేకు, ఓర్పు పాఠాలు మాత్రం అవే. రహదారిపై పందేలు కాయడం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్‌ ప్రకారం నేరం. వేగంపై మోజున్న కుమారుడికి కోన్ల మైదానం దారి చూపడం ఆ మోజును అణచడం కన్నా సులువు. మొదటి ఏడాది మంచి స్థితిలో ఉన్న పాత టైర్లతోనే పాల్గొనమనడం తల్లిదండ్రులు ఇవ్వగల మరో మంచి సలహా.

ఇవి గుర్తుంచుకోవాలి

* కారులో వదులుగా ఉన్న వస్తువులన్నీ తీసేయాలి. పాదాల కింది పట్టాలనూ తొలగించాలి.
* చక్రాల నట్లు బిగువుగా ఉన్నాయో లేదో చూడాలి. బ్రేకు నూనె మట్టం సరిచూడాలి.
* ఎండలో రోజంతా నిలబడాల్సి వస్తుంది. తాగునీరు, టోపీ వెంట ఉంచుకోవాలి.
* తొలి పరుగులో సమయం గురించి ఆలోచించరాదు. కోను పడకుండా, దారి తప్పకుండా పూర్తిచేస్తే అదే విజయం.