డీజిల్ పోసి నీళ్లు మోశాను: ట్రాలీ మైలేజీ నేర్పిన పాఠం

ప్రకృతి వ్యవసాయంలో ఖర్చు అనగానే మనం యూరియా బస్తా, పురుగుమందు డబ్బా దగ్గరే ఆగిపోతాం. నేనూ అంతే. మూడేళ్లుగా మా ఏడెకరాల్లో ఒక్క బస్తా కూడా వెయ్యలేదని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. పోయిన ఎండాకాలం లెక్కల పుస్తకం తీసి, పేడ తోలడానికి పోసిన డీజిల్ కూడితే నోట మాట రాలేదు. మా నాయన పుస్తకం చూసి, "ఎరువుల అంగడికి కట్టేది మానేసి పెట్రోలు బంకుకు కడుతున్నావు, అంతే గదరా" అన్నాడు.

ఆ మాట గట్టిగా తగిలింది. అప్పటి నుంచి కొలవడం మొదలుపెట్టా. వీడియోలో చూపించింది అదే.

ముందు కొలత

ట్రాక్టర్‌కు గంటకు ఇన్ని లీటర్లు అని లెక్క వేస్తాం. దుక్కికి అది సరిపోతుంది. ట్రాలీ లాగేటప్పుడు మాత్రం ట్రిప్పుకు ఎంత తాగిందో చూడాలి. చదునుగా ఉన్న చోట ఆపి ట్యాంకు మూతి దాకా నింపండి. ట్రిప్పు వేసి వచ్చి, అదే చోట ఆపి, మళ్లీ మూతి దాకా కొలిచి పోయండి. ఎంత పట్టిందో అంత ఖర్చయినట్టు.

మాది 45 హెచ్‌పీ ట్రాక్టర్. గోశాల 18 కిలోమీటర్లు. పోయేటప్పుడు ఖాళీ, వచ్చేటప్పుడు మూడు టన్నుల పచ్చి పేడ. పోనూ రానూ 36 కిలోమీటర్లకు 10 లీటర్లు తాగింది. ఏడాదికి ఇలాంటివి 14 ట్రిప్పులు, అంటే 140 లీటర్లు.

ఎక్కడ పోతోంది?

ట్రిప్పు నుంచి రాగానే ట్రాలీ చక్రాల హబ్‌ల మీద చెయ్యి పెట్టి చూశా. ఒకటి గోరువెచ్చగా ఉంది, రెండోది చెయ్యి పెట్టలేనంత కాలిపోతోంది. బేరింగులో గ్రీజు ఎండిపోయింది. టైర్లలో గాలి తక్కువ. ఎయిర్ ఫిల్టర్ నిండా దుమ్ము, అందుకే ఎత్తు ఎక్కేటప్పుడు నల్ల పొగ. నల్ల పొగ అంటే పూర్తిగా కాలని డీజిల్, మన డబ్బే. ఇవి సరిచేసి, చదును రోడ్డులో పై గేరు వేసి రేజు తగ్గించి నడిపితే 10 లీటర్లు ఎనిమిదిన్నరకు దిగాయి. ఎత్తు వస్తుంటే మాత్రం గేరు ముందే దించాలి, ఇంజను మూలిగేదాకా ఆగకూడదు.

న్యూట్రల్ వద్దు

దిగుడులో డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేసే అలవాటు నాకూ ఉండేది. ఒకరోజు చెరువుకట్ట దిగుతుంటే లోడు ట్రాలీ వెనక నుంచి తోసుకొచ్చింది. మన ట్రాలీలు చాలావాటికి బ్రేకులు ఉండవు. తొక్కగానే ట్రాక్టర్ పక్కకు తిరగబోయింది. ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి బతికిపోయా.

నిజానికి అందులో మిగిలేదేమీ లేదు. గేరులో ఉంచి రేజు వదిలేస్తే చక్రాలే ఇంజనును తిప్పుతాయి, గవర్నర్ డీజిల్‌ను దాదాపు ఆపేస్తుంది. న్యూట్రల్‌లో ఇంజను ఆరిపోకుండా ఉండాలంటే తాగుతూనే ఉండాలి.

అసలు లెక్క బరువులో ఉంది

పచ్చి పేడలో సుమారు 80 శాతం నీళ్లే. మూడు టన్నుల లోడులో రెండు టన్నులకు పైగా నీళ్లు! డిప్లొమాలో చదివిన ముక్కే, ట్రాలీ లాగుతూ ఎన్నడూ గుర్తుకు రాలేదు.

ఇప్పుడు గోశాల దగ్గరే కాస్త నీడ అడిగి అక్కడే ఘనజీవామృతం చేస్తున్నా. 100 కిలోల పేడకు కిలో బెల్లం, కిలో పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి, కలిసేంత ఆవు మూత్రం. నీడలో ఆరాక బస్తాలకెత్తి తెస్తా. ఎకరాకు 200 కిలోల లెక్కన ఏడెకరాలకు 1,400 కిలోలు. ఒక్క ట్రిప్పు, 7 లీటర్లు. జీవామృతం 200 లీటర్ల డ్రమ్ముకు 10 కిలోల పేడ చాలు, అది ఇంటి ఆవులు ఇస్తాయి.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఘనజీవామృతం అన్ని టన్నుల పేడకు సమానం కాదు. మట్టికి కావలసిన సేంద్రియ పదార్థాన్ని పచ్చిరొట్ట, ఆచ్ఛాదనతో పొలంలోనే పండించుకోవాలి. వాటికి ట్రాలీ అక్కర్లేదు.

ఈ వారం మీరూ ఒక్క ట్రిప్పు కొలిచి చూడండి. ఇంటికి రాగానే హబ్‌ల మీద చెయ్యి పెట్టడం మాత్రం మరిచిపోకండి.