నెబ్రాస్కావారి పరుగు ఏమైంది?

చేను ఎండిపోతే వానను తిట్టేవాళ్ళు కొందరు, విత్తనాన్ని తిట్టేవాళ్ళు కొందరు, పాలేరును తిట్టేవాళ్ళు మరికొందరు. అమెరికా నడిమధ్యన నెబ్రాస్కా అని ఒక వ్యవసాయ రాష్ట్రం ఉంది. చేల సంగతి అక్కడివాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. కాని 2004 నుంచి వాళ్ళు విడతలు విడతలుగా పడుతున్న తగవు పంటను గురించి కాదు. తమ విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ జట్టును గురించి. "ఒకనాడు పరుగుతోనే దేశాన్ని గడగడలాడించాం. ఆ పరుగు ఏమైంది?" ఇదీ వ్యాజ్యం.

ఫుట్‌బాల్ అనగానే మనకు కాలితో బంతిని తన్నే ఆట కళ్ళకు కడుతుంది. అమెరికావారి ఫుట్‌బాల్ వేరు. అక్కడ బంతిని చేత పట్టుకుని పరుగెత్తవచ్చు, ముందున్నవాడికి విసరనూవచ్చు. పక్షానికి పదకొండుమంది. బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాలలో 10 గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి. పోలేకపోతే బంతి ఎదుటివాళ్ళది. కబడ్డీలో కూతకు వెళ్ళినవాడు ఒంటరివాడు. ఇక్కడ బంతి పట్టినవాడికి తోటివాళ్ళు ముందు నడిచి, ఎదుటివాళ్ళను ఒళ్ళడ్డి నెట్టి దారి చేస్తారు. అందులోనూ ముందు వరుసలో ఐదుగురు భీమకాయులు ఉంటారు. వాళ్ళకు ఆటంతా అయినా బంతి తగలకపోవచ్చు. కాని పరుగు అనేది వాళ్ళ భుజాల మీదే నడుస్తుంది.

మొదటి ప్రయత్నంలో నాలుగైదు గజాలు పరుగుతో వచ్చాయనుకోండి. తరవాత ఏం చేస్తారో ఎదుటివాళ్ళకు అంతుపట్టదు, పరుగెత్తనూవచ్చు, విసరనూవచ్చు. ఒక్క గజమే వచ్చిందనుకోండి. ఇక విసరక తప్పదని స్టేడియంలో వేరుసెనగలు అమ్మేవాడికి కూడా తెలిసిపోతుంది. అందుకే పరుగు సన్నగిల్లిన జట్టు గుట్టు బయటపడ్డ సంసారం లాంటిది.

ఆ వైభవం

నెబ్రాస్కా జనాభా సుమారు 20 లక్షలు. డబ్బు తీసుకుని ఆడే పెద్ద ఫుట్‌బాల్ జట్టు ఆ రాష్ట్రానికి లేదు. ఉన్నదల్లా లింకన్ పట్టణంలోని విశ్వవిద్యాలయం జట్టే. దాని పేరు 'కార్న్‌హస్కర్స్', అంటే మొక్కజొన్న కండెలు ఒలిచేవాళ్ళని. 1923లో కట్టిన స్టేడియంలో ఆటనాడు 80 వేలకు పైగా జనం ఎర్ర చొక్కాలతో నిండిపోతారు. 1962 నవంబరు 3న మొదలుపెట్టి అరవై ఏళ్ళకు పైగా అక్కడ జరిగిన ప్రతి ఆటకూ టిక్కెట్లు పూర్తిగా అమ్ముడుపోయాయని లెక్క.

ఇంత అభిమానానికి పెద్ద దిక్కు టామ్ ఆస్బర్న్. ఆయన 1973 నుంచి 1997 వరకు పాతికేళ్ళు ప్రధాన శిక్షకుడుగా ఉండి 255 ఆటలు గెలిపించారు. 1994, 1995, 1997 సంవత్సరాలలో జట్టు జాతీయ విజేత అయింది. 1995లో ఆటకు సగటున 399.8 గజాలు పరుగుతోనే సాధించారు. ఆ ఆటకాలానికి ముగింపుగా 1996 జనవరి 2న ఫ్లోరిడా జట్టును 62-24తో ఓడించినప్పుడు పరుగుతో వచ్చినవి 524 గజాలు! టామీ ఫ్రేజియర్ అనే క్వార్టర్‌బ్యాక్, అంటే ప్రతి ప్రయత్నంలో ముందుగా బంతి అందుకునే నాయకుడు, మీదపడ్డవాళ్ళను ఒక్కొక్కరినే విదిలించుకుంటూ 75 గజాలు పరుగెత్తిన తీరు అక్కడి తాతలు మనవలకు ఇప్పటికీ చెబుతారు.

ఆస్బర్న్ తరవాత ఆయన శిష్యుడు ఫ్రాంక్ సోలిచ్ వచ్చారు. 2003లో 9 గెలుపులు, 3 ఓటములు అయినా ఆయనను తీసేశారు. వృత్తి జట్ల నుంచి బిల్ కాలహన్‌ను తెచ్చారు. ఆయన విసిరే ఆట నేర్పారు. 2004లో గెలుపులు 5, ఓటములు 6. గెలుపులకన్న ఓటములు ఎక్కువ కావడం 1961 తరవాత అదే మొదలు. ఆ ఏడే టెక్సస్ టెక్ చేతిలో 70-10తో చిత్తయ్యారు. మధ్యలో కొన్నేళ్ళు పరుగు తేరుకున్నా, 2017 నాటికి సగటు 110 గజాలైనా దాటలేదు. ఒకప్పటి దానిలో మూడో వంతుకన్న తక్కువన్నమాట.

నాలుగు పక్షాలు

ఇక కాఫీ హోటళ్ళలో, మంగలి దుకాణాలలో, రేడియో కార్యక్రమాలలో అభిమానులు చీలిపోయారు. వాదాలు నాలుగు.

ఒక పక్షం పరుగెత్తేవాణ్ణి నిందిస్తుంది. "దారి కనబడ్డా దూరడు, నిలబడి దిక్కులు చూస్తాడు" అంటారు. కాని దారి తెరుచుకుని మూసుకునేది రెప్పపాటులో. ముందు వరుసలో ఒక్కడు ఒక్క అడుగు వెనకబడినా చాలు, ఎంత చురుకైనవాడైనా ఎదుటివాడి ఒళ్ళో పడతాడు. చూసేవాళ్ళ కళ్ళు బంతి మీద ఉంటాయి గనక తప్పు బంతి పట్టినవాడిదిగా కనిపిస్తుంది.

రెండో పక్షం ఆ ఐదుగురిని నిందిస్తుంది. "మనవాళ్ళకు బలం చాలదు" అన్నది వీరి మాట. ఇది వినదగ్గ మాట. నెబ్రాస్కా 1969లోనే బాయ్డ్ ఎప్లే అనే ఆయనను పెట్టి ఆటగాళ్ళచేత బరువులెత్తించింది. బరువులెత్తితే ఒళ్ళు బిగుసుకుని వేగం తగ్గుతుందని చాలామంది శిక్షకులు భయపడే రోజులవి. తరవాత ఊరూరా అదే విద్య వచ్చింది. వాళ్ళకున్న పైచేయి పోయింది.

మూడో పక్షం శిక్షకుణ్ణి నిందిస్తుంది. "నాలుగుసార్లు పరుగెత్తించి వదిలేస్తాడు, పట్టుదల లేదు" అని. దీనికి ఎదుటివాళ్ళ జవాబూ ఉంది. రెండు మూడు గోళ్ళ వెనకబడ్డ జట్టు గడియారం చూసుకుని విసరక ఏం చేస్తుంది? ముందంజలో ఉన్న జట్టు కాలం గడపడానికి ఆఖరున పరుగెత్తుతూనే ఉంటుంది. కనుక పరుగెత్తినందుకు గెలిచారా, గెలుస్తున్నందుకు పరుగెత్తారా అన్నది తేల్చడం అంత సులువు కాదు.

నాలుగో పక్షం కాలాన్ని నిందిస్తుంది. విశ్వవిద్యాలయాలు ఆటగాళ్ళకిచ్చే ఉపకార వేతనాలను 1973లో 105కు, 1978లో 95కు, 1994 నాటికి 85కు కుదించారు, అందువల్ల చెడిపోయామంటారు. కాని మూడు జాతీయ విజయాలు వచ్చింది ఆ 85 కాలంలోనే కదా! పైగా నెబ్రాస్కా పల్లెల కుర్రాళ్ళు ఉపకార వేతనం లేకుండా, సొంత ఖర్చుతో జట్టులో చేరి కష్టపడేవారు.

అసలు లెక్క

ఇంత తగవులో చాలామంది మరిచిపోయే లెక్క ఒకటుంది. క్వార్టర్‌బ్యాక్ బంతిని ఒకడికి అందించి ఊరుకుంటే, ఆ అందించినవాడూ, పరుగెత్తేవాడూ పోగా, అడ్డడానికి మిగిలేది తొమ్మిదిమంది. ఎదుట పదకొండుమంది. ఆస్బర్న్ ఈ లోటును పూడ్చారు. ఆయన పద్ధతిలో ఎదుటివాళ్ళలో ఒకణ్ణి కావాలనే అడ్డకుండా వదిలేస్తారు. అతను క్వార్టర్‌బ్యాక్ మీదికి ఉరికితే బంతి పక్కవాడికి పోతుంది. పక్కవాణ్ణి కాచుకుంటే క్వార్టర్‌బ్యాకే పరుగెత్తుతాడు. అతను ఎటు కదిలినా దండగే. 2004లో విసిరే క్వార్టర్‌బ్యాక్ వచ్చేసరికి ఈ లాభం పోయింది. భుజబలం తగ్గకపోయినా లెక్క తప్పింది.

ఇంకో విశేషం. ఈ పరుగు నెబ్రాస్కావారి తాతల ఆస్తి అనుకుంటారు. కాదు. ఆస్బర్న్ జట్టే తొలి రోజులలో బాగా విసిరేది. 1973 నుంచి 1977 వరకు వరసగా ఐదేళ్ళు ఆయన ఓక్లహోమా చేతిలో ఓడిపోయారు. ఓక్లహోమా క్వార్టర్‌బ్యాక్‌లు పరుగెత్తి కొట్టిన దెబ్బలు తిని తిని, ఆ విద్యను తనకు తగినట్టు మలుచుకున్నారు. ఇప్పుడు 'సంప్రదాయం' అని కొలిచేది ఒకనాడు శత్రువు దగ్గర నేర్చిన పాఠం.

విత్తనం పొరుగుకు పోవడమూ ఉంది. 1960లలో నెబ్రాస్కాకు ఆడిన బారీ అల్వరెజ్ 1990లో విస్కాన్సిన్ శిక్షకుడయ్యారు. సొంత రాష్ట్రపు బలమైన కుర్రాళ్ళను చేరదీసి, అదే తరహా జట్టును అక్కడ పెంచారు. 2011లో నెబ్రాస్కా ఆ జట్టున్న సంఘంలోనే చేరింది. మరుసటి ఏడు సంఘం అంతిమ పోటీలో విస్కాన్సిన్ 539 గజాలు పరుగెత్తి 70-31తో ఓడించింది. 2014లో మెల్విన్ గోర్డన్ ఒక్కడే మూడు పాదాల ఆటలో 408 గజాలు పరుగెత్తాడు. ఆ రోజులలో నెబ్రాస్కా పరుగు నిజానికి బాగానే ఉండేది. అమీర్ అబ్దుల్లా మూడేళ్ళు వరసగా వెయ్యి గజాలు దాటాడు. అయినా తమ వంటకం పొరుగింట అంత రుచిగా ఉండడం అభిమానులకు మింగుడుపడలేదు.

పరుగు వస్తే గెలుపు వస్తుందా? 2018లో, 1997 నాటి జట్టు క్వార్టర్‌బ్యాక్ స్కాట్ ఫ్రాస్ట్ శిక్షకుడుగా ఇంటికి వచ్చారు. పరుగు సగటు 200 గజాలు దాటింది, అంటే ముందటేటికి దాదాపు రెట్టింపు. గెలుపులు మాత్రం ముందటేడు ఎన్నో అప్పుడూ అన్నే: నాలుగు. ఓటములు ఎనిమిది. పరుగు ఒక్కటే సర్వరోగ నివారిణి కాదని ఇంతకన్న స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

మరి పోయిందేమిటి? ఓపిక అని తోస్తుంది. ముందు వరుస కుర్రాడు ఒళ్ళు పెంచి, పక్కవాడి అడుగు తన అడుగులా ఎరిగేందుకు మూడు నాలుగేళ్ళు పడుతుంది. ఆ వరుసకు శిక్షణ ఇచ్చిన మిల్ట్ టెనోపిర్ 1974 నుంచి 2002 దాకా ఒకే చోట ఉన్నారు. ఆ తరవాత కాలహన్‌కు నాలుగేళ్ళు, బో పెలీనీకి ఏడేళ్ళు, మైక్ రైలీకి మూడేళ్ళు, ఫ్రాస్ట్‌కు ఐదేళ్ళయినా నిండలేదు. 2023లో మాట్ రూల్ వచ్చారు. ప్రతి కొత్త శిక్షకుడూ కొత్త ఆట తెస్తాడు, పాత ఆట కోసం పెంచిన కుర్రాళ్ళు పనికిరారంటాడు. అంటే నాలుగేళ్ళకు కాపుకొచ్చే చెట్టును మూడో ఏట నరికి మళ్ళీ నాటడమన్నమాట. తీసెయ్యమని కేకలేసినవాళ్ళలో ఈ అభిమానులూ ఉన్నారు.

ఆస్బర్న్ మీదా ఆ రోజులలో సణుగుడు ఉండేది. ఓక్లహోమాను ఓడించలేడన్నారు, పెద్ద ఆటలు గెలవలేడన్నారు. 1978 ఆటకాలం ముగిశాక కొలరాడోవాళ్ళు పిలిస్తే వెళ్ళి చూసి కూడా వచ్చారాయన. చివరికి ఉండిపోయారు. ఆయనకు మొదటి జాతీయ విజయం దక్కింది ఇరవైరెండో ఏట. ఆనాటి జనం మూడో ఏటనే ఆయనను సాగనంపి ఉంటే, ఈనాటి జనానికి పోయిందని ఏడవడానికి పరుగంటూ ఒకటి ఉండేదే కాదు.