చక్రం నేలను విడవరాదు

లారీ నడిపేవాని వెన్నెముకకూ, ఎదురుగా వచ్చేవారి ప్రాణాలకూ కాపుగా నిలిచే ఒక చిన్న ఉక్కు గొట్టం కథ

జంషెడ్‌పూరు నగరానికి తూర్పు భాగాన బారిడీహ్ అనే పేట ఉంది. అనతి దూరంలో సువర్ణరేఖా నది, ఇరుగుపొరుగునే లారీల కర్మాగారం. 1945లో రైలు ఇంజన్ల తయారీకై ఏర్పడి, 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సంస్థ సహకారంతో లారీల నిర్మాణానికి పూనుకున్న కర్మాగారమది. 2003లో సంస్థ పేరు టాటా మోటార్స్‌గా మారినా, పట్టణవాసుల నోట అది నేటికీ ‘టెల్కో’యే.

ఈ ప్రాంతంవారికి దశాబ్దాలుగా పరిచితమైన దృశ్యం ఒకటున్నది. కర్మాగారపు ద్వారం నుండి లారీ అస్థిపంజరం ఒకటి వెలువడుతుంది. దానికి పైకప్పు లేదు, తలుపులు లేవు, వెనుక తొట్టి లేదు. రెండు పొడుగాటి ఉక్కు దూలాలు, ఇంజను, చక్రాలు మాత్రమే ఉంటాయి. తాత్కాలికంగా బిగించిన ఆసనంమీద, తలకు గుడ్డ చుట్టుకొని ఒక డ్రైవరు కూర్చుని ఉంటాడు. ఇటువంటి చాసిస్‌లకు తొట్టి కట్టే పనిలో మన విజయవాడ ఆటోనగరు పేరుపొందింది. జంషెడ్‌పూరు నుండి అక్కడికి, ఒడిశా మీదుగా శ్రీకాకుళం, విశాఖపట్నం దాటి, వెయ్యి కిలోమీటర్లకు పైబడిన దారి.

ఇప్పుడొక చిన్న ప్రశ్న. నిండా సరుకు నింపిన లారీ ఎక్కువ కుదుపుతుందా? లేక ఖాళీ లారీనా? నిండు లారీయే అని మనకు తోస్తుంది. కాని డ్రైవర్లను అడిగి చూడండి. ఖాళీ బండే నడుము విరగగొడుతుందని ముక్తకంఠంతో చెబుతారు. తొట్టికూడా లేని చాసిస్ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఇది ఎందువల్ల జరుగుతుందో తెలిస్తే, వాహనాల కుదుపును అదుపు చేయడానికి ఇంజనీర్లు రెండు శతాబ్దాలుగా చేస్తున్న కృషి యావత్తూ అర్థమవుతుంది.

కమాను చేసే మేలు, కీడు

లారీ ఇరుసుమీద విల్లులా వంగి ఉండే ఉక్కు పట్టీల కట్టను మన మెకానిక్కులు కమాను అంటారు. స్ప్రింగును ఎంత బలంతో నొక్కితే అంత నిష్పత్తిలో వంగుతుందన్న సూత్రాన్ని ఇంగ్లండులో రాబర్ట్ హుక్ 1678లో వెల్లడించాడు. 1804లో ఒబడయా ఇలియట్ అనే లండన్ బండ్ల తయారీదారు ఉక్కు పట్టీల కమానును గుర్రపు బండికి అమర్చి పేటెంటు పొందాడు. అంతకుముందు ప్రయాణికుని ఎముకలే స్ప్రింగులుగా పనిచేసేవని చెప్పవచ్చు!

కమాను గతుకును మ్రింగుతుంది. కాని మ్రింగినదానిని తనలో ఉంచుకోదు. నొక్కినప్పుడు దాచుకున్న శక్తిని మరుక్షణమే తిరిగి ఇచ్చివేస్తుంది. ఒక్క గతుకు దాటిన బండి పలుమార్లు పైకీ క్రిందికీ ఊగడం అందువల్లనే. పట్టీలు ఒకదానితో ఒకటి ఒరుసుకొనేటప్పుడు కలిగే ఘర్షణ ఆ ఊపును కొంత ఆపుతుంది. అయితే ఈ ఘర్షణ నమ్మదగిన మిత్రుడు కాదు. తుప్పు పడితే పట్టీలు పట్టేసి, కమాను కదలనే కదలదు. చమురు పూస్తే ఊపు ఆగదు. మధ్య మందంగా, కొసలు పలచగా ఉండే పారబోలిక్ కమానులు వచ్చిన తరువాత పట్టీల సంఖ్య తగ్గింది, బరువూ తగ్గింది. దానితోపాటే ఘర్షణ కూడా తగ్గింది. ఊపును ఆపే బాధ్యత అంతకంతకూ మరొకరిమీద పడింది.

ఖాళీ లారీ రహస్యం

మన ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది. పది టన్నుల సరుకు మోయవలసిన కమానును అంత బిర్రుగానే చేయాలి. సరుకు దింపివేసినా కమాను బిర్రు తగ్గదు. దానిమీది బరువు నాలుగో వంతుకు తగ్గితే, అది ఊగే వేగం రెండింతలవుతుందని గణితం చెబుతుంది. ఉదాహరణకు నిండు బరువుతో సెకనుకు 2 సార్లు ఊగే లారీ వెనుకభాగం, ఖాళీగా ఉన్నప్పుడు 4 సార్లు ఊగుతుంది.

ఈ 4 అనే అంకె సామాన్యమైనది కాదు. కూర్చున్న మనిషి శరీరం నిలువు కుదుపులను అన్నింటికన్నా తక్కువగా సహించేది సెకనుకు 4 నుండి 8 కంపనాల మధ్యనే. ఆ వేగంలో వెన్నెముక, ఉదరంలోని అవయవాలు బండితో శ్రుతి కలిపి మరింతగా ఊగుతాయి. మానవశరీరంపై కంపనాల ప్రభావాన్ని కొలిచే అంతర్జాతీయ ప్రమాణం 1974లోనే వెలువడింది. ఏళ్ల తరబడి లారీలు, ట్రాక్టర్లు నడిపేవారిని పీడించే నడుమునొప్పికి ఈ కంపనాలు ఒక ముఖ్య కారణమని వైద్యులు గుర్తించారు. డ్రైవరు ‘నడుము పోయింది’ అన్నప్పుడు అది అలసట మాత్రమే అనుకొని కొట్టివేయరాదు.

చమురుతో వేసిన కళ్లెం

కమానుకు కళ్లెం వేసేదే షాక్ అబ్జార్బరు. చూడడానికి సైకిలు పంపును పోలిన ఉక్కు గొట్టం. లోపల చమురు, ఆ చమురులో సన్నని రంధ్రాలున్న పిస్టన్. చక్రం పైకి లేచినా, క్రిందికి దిగినా పిస్టన్ ఆ చమురును ఇరుకైన రంధ్రాలగుండా నెట్టవలసి వస్తుంది. నీటిలో అరచేతిని మెల్లగా కదిపితే సులువుగా కదులుతుంది. విసురుగా కదిపితే నీరు ఎదురు తిరుగుతుంది. ఇక్కడ జరిగేదీ అదే. కుదుపు వేగం ఎంత ఎక్కువైతే చమురు అంత గట్టిగా అడ్డుకుంటుంది. ఊపులోని శక్తి వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది.

ప్రయాణికులకు సుఖం కలిగించడానికే ఈ పరికరం ఉన్నదని చాలామంది భ్రమ. దాని అసలు ధర్మం వేరు. అది చక్రాన్ని నేలను విడవనీయదు. బ్రేకు పట్టడానికీ, మలుపు తిరగడానికీ ఆధారమంతా టైరు నేలను తాకేచోట, సుమారు అరచేయంత స్థలంలో ఉంటుంది. గతుకుమీద ఎగిరిన చక్రం గాలిలో ఉన్న ఆ క్షణంలో బ్రేకు తొక్కినా ఒకటే, తొక్కకున్నా ఒకటే. కళ్లెంలేని కమానుమీద చక్రం బంతివలె ఎగురుతూనే ఉంటుంది. అందువల్ల పాడైన షాక్ అబ్జార్బరుతో తిరిగే లారీ, బ్రేకు సగం పాడైన లారీతో సమానం. బ్రేకు పోయిన సంగతి వెంటనే తెలుస్తుంది. ఇది నెలల తరబడి మెల్లగా క్షీణిస్తుంది గనుక నడిపేవాడు దానికి అలవాటు పడిపోతాడు.

ఒరిగే బండిని నిలిపేదెవరు?

కుదుపు ఒక శత్రువైతే ఒరుగుడు మరొకటి. ఆకాశాన్నంటేలా పత్తి బస్తాలో, వరిగడ్డో నింపుకొని మలుపులో ఒక ప్రక్కకు వాలుతూ వచ్చే లారీని చూసి గుండె ఝల్లుమననివారుండరు. బరువు పైకి పోయినకొద్దీ బండి బోల్తాపడడం సులువవుతుంది. సాధారణ కారు బోల్తాపడడానికి ముందు టైర్లు ప్రక్కకు జారుతాయి. కాని నిండు లారీ, దాని బరువులో నలభై శాతమైనా మించని ప్రక్కబలానికే తిరగబడవచ్చు. వేగం రెండింతలైతే ఈ ప్రక్కబలం నాలుగింతలవుతుంది. రెండు చక్రాలనూ కలుపుతూ అమర్చిన మెలికకడ్డీ ఈ ఒరుగుడును తగ్గిస్తుంది. చమురు ట్యాంకర్లలో ద్రవం ఒక్కసారిగా ఒకవైపునకు పోటెత్తకుండా లోపల అడ్డుగోడలు కడతారు.

స్థిరత్వం ప్రాణం నిలిపిన ఘట్టం ఒకటి చరిత్రకెక్కింది. 1955లో ఫ్రాన్సుకు చెందిన సిత్రోయెన్ సంస్థ తన డీఎస్ కారులో ఉక్కు స్ప్రింగులకు బదులు నత్రజని వాయువునూ, చమురునూ నింపిన గోళాలను వాడింది. బరువు ఎంత మారినా ఆ కారు ఎత్తు మారదు. 1962 ఆగస్టు 22న పారిస్ శివార్లలో అధ్యక్షుడు ద గాల్ ప్రయాణిస్తున్న డీఎస్ కారుపై హంతకులు తుపాకులతో విరుచుకుపడ్డారు. రెండు టైర్లు పేలిపోయాయి. అయినా డ్రైవరు నేర్పుకు కారు స్థిరత్వం తోడై, వేగం తగ్గకుండా అధ్యక్షుణ్ణి గండం గట్టెక్కించింది.

1997 అక్టోబరులో స్వీడన్ పాత్రికేయులు మెర్సిడెస్ ఏ-క్లాస్ అనే క్రొత్త కారును, ఎదురుగా దుప్పి అడ్డు వచ్చినట్లు భావించి, అటూ ఇటూ విసురుగా త్రిప్పి చూశారు. కారు బోల్తాపడింది. సంస్థ అమ్మకాలు ఆపి, సస్పెన్షన్‌ను సరిచేసి, అంతవరకు ఖరీదైన కార్లకే పరిమితమైన ఎలక్ట్రానిక్ స్థిరత్వ వ్యవస్థను ఈ చిన్న కారులోనూ అమర్చింది. డ్రైవరు స్టీరింగు త్రిప్పిన దిక్కుకూ, బండి నిజంగా తిరుగుతున్న దిక్కుకూ తేడా వస్తే, అవసరమైన ఒక్క చక్రానికే బ్రేకు వేసి దారికి తెచ్చే వ్యవస్థ అది.

ధనికుని కారు నుండి డ్రైవరు సీటుకు

చమురు రంధ్రాల పరిమాణం కర్మాగారంలోనే నిశ్చయమై ఉంటుంది. కాని రోడ్డు క్షణక్షణం మారుతుంది. కళ్లెం బిగువును కూడా క్షణక్షణం మార్చగలిగితే? 1948లో అమెరికాలో జాకబ్ రాబినో, సన్నని ఇనుప రజను కలిపిన చమురు అయస్కాంత క్షేత్రంలో తక్షణమే చిక్కబడుతుందని చూపాడు. ఆ సూత్రంతో పనిచేసే షాక్ అబ్జార్బరు 2002లో కాడిలాక్ కారులో అమరింది. రెప్పపాటుకన్నా తక్కువ వ్యవధిలో దాని బిగువు మారుతుంది.

ఈ దారిలో అందరికన్నా సాహసించినవాడు అమర్ బోస్. ఆయన తండ్రి కలకత్తా నుండి అమెరికాకు తరలిపోయిన స్వాతంత్ర్య యోధుడు. శబ్దపరికరాలతో ప్రఖ్యాతి గడించిన బోస్, 1980లో కమానులూ చమురూ లేకుండా విద్యుత్ మోటార్లతోనే చక్రాన్ని పైకెత్తి దించే ప్రయత్నం ఆరంభించాడు. 2004లో ప్రదర్శించిన కారు గతుకుల దారిలో కదలక మెదలక సాగి, చూపరులను నివ్వెరపరచింది. కాని బరువూ ఖరీదూ ఎక్కువై ఏ కార్ల సంస్థా దానిని స్వీకరించలేదు.

అంతటితో ఆ కృషి వ్యర్థం కాలేదు. 2010లో ఆయన సంస్థ అదే విజ్ఞానాన్ని దూరప్రయాణపు లారీ డ్రైవరు సీటు క్రింద అమర్చింది. బండి ఎంత ఎగిరినా సీటు దానికి ఎదురుగా కదిలి, మనిషిని నిశ్చలంగా ఉంచుతుంది. ధనికుల కార్లకై పుట్టిన ఊహ చివరకు శ్రామికుని నడుమును చేరింది!

మన చేతిలో ఉన్నది

వేల డాలర్ల ఆ సీటు మన దారులకు అందనిది కావచ్చు. గాలిసంచీ, చిన్న షాక్ అబ్జార్బరు గల సాధారణ సీటు అయినా ఎంతో మేలు చేస్తుంది. ఇక పరీక్షలకు ఖర్చే లేదు. గొట్టంమీద చమురు చెమ్మ ఉన్నదా? టైరు అక్కడక్కడ గుంటలు పడి అరిగిందా? కారు మూలను గట్టిగా నొక్కి వదిలితే ఒక్క ఊపుతో ఆగక పదే పదే ఊగుతున్నదా? గతుకుల దారిన చాలాదూరం నడిచిన తరువాత కూడా ఒక షాక్ అబ్జార్బరు మిగిలినవాటివలె వేడెక్కక చల్లగా ఉన్నదా? అయితే అది పని మానివేసిందన్నమాట.

బారిడీహ్‌లో మెర్సీ ఆసుపత్రి ఉంది. విరిగిన కాలుతో అక్కడికి చేరే రోగికి దారిలోని ప్రతి కుదుపూ ఒక శిక్ష. చుట్టుప్రక్కల దారులమీద, పైకప్పులేని చాసిస్‌పై దక్షిణాదికి బయలుదేరే డ్రైవరుకూ అంతే. రోగి ప్రయాణం కొన్ని నిమిషాలలో ముగుస్తుంది. డ్రైవరుది జీవితమంతా సాగుతుంది. వాని చక్రం నేలను విడవకుండా చూడడం వానిపట్ల దయ కాదు. అదే రహదారిమీద ఎదురుగా వచ్చే మనందరి క్షేమం అందులోనే ఉంది.